రేసు సందేహాలు: జాగ్వార్ ఐ-పేస్ ఈ-ట్రోఫీ తొలి సీజన్

ఒకే కంపెనీ, ఒకే మోడల్ కార్లతో నడిపే రేసుల్ని వన్‌మేక్ సిరీస్ అంటారు. గత సంచికలో ఎలక్ట్రిక్ రేసుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం వీటి చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 2023లో హుస్సేన్ సాగర్ దగ్గర ఫార్ములా-ఈ రేసు చూశాను. అంతకుముందే జాగ్వార్ వాళ్లు షోరూంలో అమ్మే కరెంటు కారుతో రేసులు నడిపారని విన్నాను. నిజమేనా? ఎవరు గెలిచారు?
మెహదీపట్నం, హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

నిజమే. ఆ కారు ఐ-పేస్ అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ, సిరీస్ పేరు జాగ్వార్ ఐ-పేస్ ఈ-ట్రోఫీ. 2017 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ప్రకటించారు. తొలి సీజన్ 2018 డిసెంబరులో సౌదీ అరేబియాలోని దిరియాలో మొదలై, 2019 జూలైలో న్యూయార్క్‌లో ముగిసింది. మధ్యలో మెక్సికో సిటీ, హాంకాంగ్, సాన్యా, రోమ్, పారిస్, మొనాకో, బెర్లిన్. న్యూయార్క్‌లో రెండు రేసులు పెట్టారు కాబట్టి తొమ్మిది నగరాల్లో మొత్తం 10 రేసులు. అన్నీ ఫార్ములా-ఈకి (ఒకే సీటున్న ఎలక్ట్రిక్ కార్ల అంతర్జాతీయ పోటీ) తోడుగా, అదే ట్రాకు మీద జరిగాయి. అయితే ఫార్ములా-ఈ వెళ్లిన ప్రతి చోటికీ ఇది వెళ్లలేదు. మరకేష్, శాంటియాగో, బెర్న్ దీని క్యాలెండర్‌లో లేవు.

మొట్టమొదటి రేసు గెలిచింది న్యూజిలాండ్ డ్రైవర్ సైమన్ ఎవాన్స్. హైదరాబాద్ రేసులో పోల్ (అందరికన్నా ముందు బయలుదేరే స్థానం) సాధించి, సహచరుడు సామ్ బర్డ్ కారు గుద్దడంతో పోటీ నుంచి తప్పుకున్న మిచ్ ఎవాన్స్‌కి ఈయన సొంత అన్న. సీజన్ టైటిల్ మాత్రం బ్రెజిల్‌కి చెందిన సెర్జియో జిమెనెజ్‌కి దక్కింది. ఆయన జట్టులోనే బ్రెజిల్ స్టాక్ కార్ చాంపియన్‌షిప్‌ను ఐదుసార్లు గెలిచిన కకా బ్యూనో కూడా ఉన్నారు. అమెరికా జట్టు రేహాల్ లెటర్‌మన్ లానిగన్ తరఫున బ్రయన్ సెల్లర్స్, కేథరిన్ లెగ్ నడిపారు. వృత్తి డ్రైవర్లు కానివాళ్లకు ప్రో-యామ్ అని విడిగా ఒక విభాగం ఉండేది. అందులో సౌదీ డ్రైవర్ బందర్ అలెసాయి విజేత.

జాగ్వార్ మన టాటా గ్రూపు చేతిలోని కంపెనీయే అయినా ఈ సిరీస్ భారత్‌కు రాలేదు. హైదరాబాద్ ట్రాకు తయారయ్యేనాటికే అది ఆగిపోయింది.

ప్రశ్న: అన్నీ ఒకే కార్లు అయితే గెలుపంతా డ్రైవరుదేనా? రెండు కార్లు అచ్చంగా ఒకేలా ఉన్నాయని ఎలా తేలుస్తారు? జట్టు మెకానిక్కులు ఏమీ మార్చరా?
విజయవాడ నుంచి మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థి

అచ్చంగా ఒకేలా ఉండే రెండు కార్లు ఎక్కడా లేవు. వన్‌మేక్ నిర్వాహకుల పనల్లా ఆ తేడాను డ్రైవరు చేసే తేడా కంటే చిన్నదిగా ఉంచడమే. అందుకు నాలుగు చోట్ల పట్టు బిగిస్తారు.

మొదటిది సీలు. పెట్రోల్, డీజిల్ కార్లలో ఇంజను హెడ్డుకు, టర్బోకి, గేర్‌బాక్సుకి బోల్టు తలల్లో రంధ్రాలు చేసి తీగ దూర్చి, నంబరున్న సీలు వేస్తారు. సీలు తెగితే కారణం రాతపూర్వకంగా ఉండాలి. లేదంటే ఫలితం రద్దు. ఎలక్ట్రిక్ కారులో మోటారు, ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టెలకు ఇదే పద్ధతి. గేరు రేషియోలు మార్చే దొంగతనానికి ఇక్కడ చోటే లేదు, ఉన్నది ఒక్క గేరే.

రెండోది సాఫ్ట్‌వేర్. కంట్రోల్ యూనిట్‌లోని ప్రోగ్రామ్ నిర్వాహకులదే, పాస్‌వర్డూ వాళ్ల దగ్గరే. అనుమానం వస్తే పరిశీలకులు రెండు కార్ల యూనిట్లు అటూ ఇటూ మార్చి పెట్టి చూస్తారు. వేగం డ్రైవరుతో ఉండిపోయిందా, పెట్టెతో పాటు వెళ్లిందా అన్నది దాంతో తేలిపోతుంది.

మూడోది బరువు. డ్రైవరు, హెల్మెట్టు, సూటుతో సహా కారును రేసయిన వెంటనే తూకం వేస్తారు. తక్కువొస్తే శిక్ష. బక్కపలచని డ్రైవరు కారులో సీసం లేదా ఉక్కు పలకలు బిగించాలి. బోల్టు సరిగ్గా పడకపోతే గుద్దుకున్నప్పుడు ఆ పలకే తూటా అవుతుంది. కాబట్టి ఆ బోల్టులకూ సీలు ఉంటుంది.

నాలుగోది టైర్లు. ఒక వారాంతానికి ఇన్ని అని లెక్క. ఒక్కోదానికి బార్‌కోడ్. ఎక్కువమంది పట్టించుకోరు గానీ, తేడా అంతా ఇక్కడే పుడుతుంది.

జట్లు చేయగలిగేవి ఏమిటంటే, నిబంధనలు అనుమతిస్తే క్యాంబరు (చక్రం నిలువు వాలు), టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), యాంటీరోల్ బారు (మలుపులో బాడీ ఒరగకుండా ఆపే కడ్డీ) బిగుతు. ఏ సిరీస్‌లోనైనా మిగిలేది టైరు గాలి. దీన్ని తక్కువగా చూడకండి. 25 డిగ్రీల దగ్గర 23 పీఎస్ఐ పెట్టిన టైరు 75 డిగ్రీలకు వేడెక్కితే, భౌతికశాస్త్రం లెక్క ప్రకారమే 29 దాటుతుంది. అంటే ఆరు పీఎస్ఐ పెరుగుదల. చల్లగా ఉన్నప్పుడు ఎంత పెట్టాలన్నది వేడెక్కాక ఎంత కావాలో దాన్నుంచి వెనక్కి లెక్కగట్టాలి. మబ్బు పట్టి రోడ్డు 15 డిగ్రీలు చల్లబడితే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త జట్లు తొలి సీజన్‌లో సగం ప్రాక్టీసు దీనికే పోగొట్టుకుంటాయి. కొలిచే గేజి కూడా ఒకటే వాడాలి. రెండు గేజిల మధ్య ఒకటిన్నర పీఎస్ఐ తేడా మామూలే.

ఎలక్ట్రిక్ సిరీస్‌లో ఐదో పట్టు కూడా అవసరం. గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరసలో) నిలబడేటప్పుడు అన్ని బ్యాటరీలలో చార్జి శాతం, ఉష్ణోగ్రత దాదాపు ఒకేలా ఉండాలి. కారు ఎంత సమానమైనా, ఒకటి 28 డిగ్రీలతో, ఇంకోటి 40 డిగ్రీలతో బయలుదేరితే చివరి ఐదు నిమిషాల్లో అవి రెండు వేర్వేరు కార్లు.

ప్రశ్న: మా కరెంటు కారు ఒక్క చార్జికి 300 కి.మీ. తేలిగ్గా వస్తుంది. ఐ-పేస్‌లో 90 యూనిట్ల బ్యాటరీ ఉంది కదా, రేసు 25 నిమిషాలకే ఎందుకు ముగించారు?
విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ నుంచి

కరెంటు బిల్లు లెక్కలోనే చూద్దాం, ఒక కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్. ఈ-ట్రోఫీ రేసు 25 నిమిషాలు, ఆపైన ఒక ల్యాపు. కారు శక్తి 400 పీఎస్, అంటే 294 కిలోవాట్లు. పెడలు అలాగే 25 నిమిషాలు తొక్కి ఉంచితే 122 యూనిట్లు కావాలి. బ్యాటరీలో అంత లేదు. అయితే వీధి ట్రాకు మీద సమయంలో సగం బ్రేకుకీ మలుపులకీ పోతుంది కాబట్టి 60 యూనిట్ల దగ్గర ఆగుతుందనుకోండి. ఆ కాసేపట్లో కారు తిరిగేది 45 కి.మీ. లోపే. అంటే కి.మీ.కి 1.3 యూనిట్లు. రోడ్డు మీద మామూలుగా నడిపితే అదే కారు పావు యూనిట్ దగ్గరే తీసుకుంటుంది.

శక్తి సరిపోతుంది, మరి అడ్డేమిటి? వేడి. ఐ-పేస్ బ్యాటరీలో 36 మాడ్యూళ్లు, 432 పౌచ్ సెల్స్, నామమాత్రపు వోల్టేజీ 388. ఆ వోల్టేజీ దగ్గర 294 కిలోవాట్లు లాగాలంటే 750 ఆంపియర్లకు పైగా ప్రవాహం కావాలి. సెల్ లోపలి నిరోధంలో పుట్టే వేడి ప్రవాహానికి వర్గంగా పెరుగుతుంది: ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలు. పైగా చార్జి తగ్గేకొద్దీ వోల్టేజీ జారుతుంది కాబట్టి, అదే శక్తికి రేసు చివర్లో ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగాలి. బ్యాటరీ అప్పటికే వేడిగా ఉంటుంది. వీధి ట్రాకుల్లో వేగం తక్కువ, రేడియేటరుకి తగిలే గాలీ తక్కువే. హద్దు దగ్గరపడగానే కంట్రోల్ యూనిట్ తనంతట తాను శక్తిని కోస్తుంది. డ్రైవరుకి అది పెడలు తొక్కినా కారు ముందుకు దూకకపోవడంగా తెలుస్తుంది.

డ్రైవరు చేతిలో ఉన్న మందు ఒకటే: బ్రేకు తొక్కాల్సిన చోటుకి 50 మీటర్ల ముందే పెడలు వదిలేయడం. 180 కి.మీ. వేగంలో 50 మీటర్లంటే ఒక్క సెకను. పూర్తి శక్తి మీద అది 0.08 యూనిట్. ల్యాపుకి నాలుగు చోట్ల, 15 ల్యాపులు చేస్తే దాదాపు 5 యూనిట్లు మిగులుతాయి. అంతకన్నా ముఖ్యం, గరిష్ఠ ప్రవాహం లాగే నిమిషం ఒకటి తగ్గుతుంది. ఫార్ములా-ఈ డ్రైవర్లకు ఇది అలవాటైన విద్య. పెట్రోల్ టూరింగ్ కార్ల (షోరూం మోడల్‌ను రేసుకి మార్చినవి) నుంచి వచ్చినవాళ్లకు కాలు మాట వినదు.

చార్జింగు సంగతి: వీధి ట్రాకుల్లో ఫాస్ట్ చార్జర్లు ముందే ఉండవు కాబట్టి ఏబీబీ కంపెనీ ఈ సిరీస్ కోసమే చిన్న సైజు టెర్రా డీసీ చార్జర్లు చేసి ఇచ్చింది. విడుదలైనప్పుడు రోడ్డు ఐ-పేస్ తీసుకోగలిగిన వేగం 100 కిలోవాట్లు. 80 శాతం దాటాక ఇంకా నెమ్మది. క్వాలిఫయింగ్‌కీ (ఎవరు ముందు నిలబడాలో తేల్చే రౌండు) రేసుకీ మధ్య గంటన్నర కంటే తక్కువ ఉంటే నిర్వాహకులకు తలనొప్పే.

మీ కారుకి పనికొచ్చే ముక్క ఒకటి. నిండా చార్జి ఉన్న బ్యాటరీ బ్రేకింగ్‌లో తిరిగొచ్చే కరెంటు (దీన్నే రీజెన్ అంటారు) తీసుకోదు. అరకులో రాత్రి 100 శాతం పెట్టి ఉదయం ఘాట్ దిగితే రీజెన్ పనిచేయక, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. మనుషులతో కలిపి 1,600 కిలోలున్న కారు 900 మీటర్లు దిగితే వచ్చే శక్తి దాదాపు 4 యూనిట్లు. మీది 40 యూనిట్ల బ్యాటరీ అయితే అక్కడ 88, 90 శాతం దగ్గర ప్లగ్ తీసేయండి. రేసులో కూడా అంతే, తొలి ల్యాపుల్లో బ్రేకు పెడలు ఒకలా, తర్వాత ఇంకోలా ఉంటుంది.

ప్రశ్న: కరెంటు బండికి బ్రేకు ప్యాడ్లు అరగవంటారు. రేసులో కూడా అంతేనా సార్? నేను ఆటోనగర్‌లో బ్రేకుల పని చేస్తాను.
గుంటూరు నుంచి ఒక మెకానిక్

రోడ్డు మీద ఆ మాట నిజం. రేసులో కాదు. రోడ్డు ఐ-పేస్ 2,100 కిలోల పైచిలుకు. లోపలి సీట్లు, సామగ్రి తీసి, రోల్‌కేజీ (బోల్తా పడితే డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం) పెట్టాక రేసు కారు 1,965 కిలోలకు దిగింది. అప్పటి ఫార్ములా-ఈ కారు డ్రైవరుతో కలిపి 900 కిలోలు. అంటే ఇది రెండింతల పైమాటే.

డ్రైవరుతో 2,045 కిలోలు అనుకుని 180 నుంచి 72 కి.మీ.కి ఆపి చూడండి. వదిలించుకోవాల్సిన శక్తి 2.1 మెగాజౌళ్లు, అర యూనిట్ పైనే. గట్టిగా తొక్కితే ఇదంతా మూడు సెకన్లలో జరుగుతుంది. అంటే సగటున 700 కిలోవాట్లు! ఏ మోటారూ, ఏ బ్యాటరీ అంత వేగంగా మింగలేదు. కొంత భాగమే రీజెన్‌కి పోతుంది, మిగతాదంతా డిస్కులదే. రీజెన్ అసలు లేదనుకుంటే, అందులో 60 శాతం ముందు డిస్కులు తీసుకుంటాయి. ఒక్కో డిస్కు 10 కిలోలైతే ఒక్క తొక్కుకి 140 డిగ్రీలు ఎక్కుతుంది. చల్లారేలోపే తర్వాతి మలుపు.

ఇలాంటి బరువైన కార్లలో వరసగా చెడేవి చెబుతాం. ముందుగా ఫ్లూయిడ్. డాట్-4 కొత్త డబ్బాకి కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు. తేమ పీల్చాక అది 155కి దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు, పెడలు నేలకి దిగిపోతుంది. అందుకే 300 డిగ్రీలు దాటిన రేసింగ్ ఫ్లూయిడ్ పోసి, ప్రతి సెషన్ తర్వాత బ్లీడ్ చేస్తారు. మూత తీసి వారం ఉంచిన డబ్బా మళ్లీ వాడరు. తర్వాత ప్యాడు ఏటవాలుగా అరగడం. క్యాలిపర్ వేడికి కొద్దిగా విచ్చుకోవడం వల్ల ఇది వస్తుంది. రెండు చివర్లా కొలిచి తేడా ఒక మిల్లీమీటరు దాటితే ప్యాడ్ల స్థానం మార్చాలి. కొత్త ప్యాడ్లు వేశాక 100 నుంచి 40 కి.మీ.కి ఆరేడుసార్లు, ఒక్కోసారి కాస్త గట్టిగా తొక్కుతూ వచ్చి, ఆ తర్వాత కారు ఆపకుండా ఒక ల్యాపు మెల్లగా తిప్పాలి. వేడి డిస్కు మీద ప్యాడు అదిమి నిలబెడితే అక్కడే మచ్చ పడి, తర్వాత స్టీరింగు వణుకుతుంది. పిట్‌కి రాగానే హ్యాండ్‌బ్రేకు వేయకూడదు, చక్రానికి అడ్డు పెట్టాలి. మీ షెడ్డుకొచ్చే బళ్లకూ ఇది వర్తిస్తుంది, ముఖ్యంగా తిరుమల ఘాట్ దిగి వచ్చినవాటికి.

ప్రశ్న: గుద్దుకుంటే షాకు కొట్టదా? కారు దగ్గరికి ఎలా వెళ్తారు?
హన్మకొండ నుంచి ఒక లైన్‌మన్

మీకు తెలిసిన జాగ్రత్తలే, కొంచెం వేరుగా. కారులోని హై వోల్టేజీ వలయం బాడీకి తగలకుండా పూర్తిగా విడిగా ఉంటుంది. ఇన్సులేషన్ దెబ్బతింటే పరికరం కనిపెట్టి కాంటాక్టర్లు తెరిచేస్తుంది. ఎలక్ట్రిక్ రేసు కార్ల మీద లైటు ఉంటుంది: పచ్చ అయితే ముట్టుకోవచ్చు, ఎరుపు అయితే వద్దు. లైటు అసలే వెలగకపోతే ఎరుపుగానే లెక్క. సహాయకులు 1,000 వోల్టుల చేతి తొడుగులు వేసుకుని, బయటి కటాఫ్ లాగి, నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకుండా పనిచేస్తారు. డ్రైవరు తనంతట తాను దిగాల్సి వస్తే ఒక కాలు కారులో, ఒక కాలు నేల మీద పెట్టకూడదు. రెండు కాళ్లతో ఒకేసారి దూకాలి.

ప్రశ్న: అంత బాగుంటే ఎందుకు ఆపేశారు?
డాలస్ నుంచి

ఈ-ట్రోఫీ రెండు సీజన్లు నడిచింది. ఆపేస్తున్నామని 2020 మేలో, కరోనా రోజుల్లో ప్రకటించారు. ఆ ఆగస్టులో బెర్లిన్ టెంపెల్‌హాఫ్‌లో చివరి రేసులు జరిగాయి. రెండో సీజన్ చాంపియన్ సైమన్ ఎవాన్స్.

కరోనా లేకపోయినా ఎక్కువ కాలం నడిచేది కాదని మా అభిప్రాయం. 20 కార్ల దాకా చోటుంటే తొలి సీజన్ గ్రిడ్‌లో నిలిచినవి డజను అటూ ఇటూ. వన్‌మేక్ సిరీస్ బతికేది కార్ల సంఖ్య మీద: పాతిక కార్లుంటే పన్నెండో స్థానం కోసం కూడా పోరు ఉంటుంది, విడిభాగాల ఖర్చు పంచుకోవచ్చు, సీజన్ అయ్యాక కారును క్లబ్ రేసర్‌కి అమ్మేయవచ్చు. ఈ కారును అమ్మితే కొని నడపడానికి వేరే సిరీసే లేదు. బరువైన ఎస్‌యూవీ కావడం ఇంకో లోటు. వీధి ట్రాకులో గోడల మధ్య అంత వెడల్పు బండితో దాటడం కష్టం. రెండో సీజన్‌లో ఫార్ములా-ఈ తరహా అటాక్ మోడ్ (కాసేపు అదనపు శక్తి ఇచ్చే ఏర్పాటు) తెచ్చింది అందుకే.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి సిరీస్ జరిగిందా? నా వయసు 22. మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?
నెల్లూరు నుంచి

జరిగింది. 2010లో ఫోక్స్‌వాగన్ పోలో కప్ మొదలైంది. 1.6 లీటర్ల డీజిల్ ఇంజను, 130 పీఎస్, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు). అప్పుడు మన షోరూముల్లో దొరికిన డీజిల్ పోలో 1.2 లీటర్లు, 75 పీఎస్ మాత్రమే. డీజిల్ టార్కు ముందు చక్రాల మీద పడటం వల్ల మలుపు మధ్యలో తొందరపడి పెడలు తొక్కినవాళ్ల ముందు టైర్లు రేసు సగంలోనే అరిగేవి. 2012 నుంచి 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనుకి మారారు, శక్తి 180 పీఎస్. 2015లో ఆ స్థానంలోకి వెంటో, 2017లో అమియో వచ్చాయి. టయోటా కూడా ఎటియోస్‌తో ఒక సిరీస్ నడిపింది.

మీరున్న చోటు అనుకూలమే. చెన్నై–బెంగళూరు హైవే మీద ఇరుంగాట్టుకోటలోని 3.7 కి.మీ. ట్రాకు మీకు ఒక్కరోజు ప్రయాణంలోపే. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వే 2.1 కి.మీ. పొడవు. ముందు ఒక ఏడాది కార్టింగు చేయండి, అక్కడ డబ్బు తక్కువ పోతుంది, చేయి తిరుగుతుంది. తర్వాత గుర్తింపు ఉన్న రేసింగ్ స్కూల్లో శిక్షణ, ఆ సర్టిఫికెట్టు, వైద్య పరీక్ష, బ్లడ్ గ్రూపు వివరాలతో జాతీయ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐకి పోటీ లైసెన్సు దరఖాస్తు. జెండాలు బట్టీ పట్టండి. పసుపు జెండా (ముందు ప్రమాదం ఉంది, ఎవర్నీ దాటకూడదు) దగ్గర ముందు కారును దాటేసి సీజన్ పాడుచేసుకునే కొత్తవాళ్లు ఎక్కువ. సొంత కారు వెంటనే కొనొద్దు. జట్టు కారును ఒక వారాంతానికి అద్దెకు తీసుకుని, ప్రమాదంలో దెబ్బతింటే ఎంతవరకు మీరు కట్టాలో సంతకానికి ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇక సామగ్రి. ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ రేసుల సమాఖ్య) 8856 ముద్ర ఉన్న సూటు, చేతి తొడుగులు, బూట్లు. మెడను కాపాడే 8858 పరికరం. దాన్ని తగిలించే కొక్కేలున్న 8859 హెల్మెట్టు. బైకు హెల్మెట్టు కుదరదు. దానికి ఆ కొక్కేలూ లేవు, లోపలి గుడ్డ నిప్పుకి ఆగదు. సెకండ్ హ్యాండ్ సూటు కొనవచ్చు గానీ ముద్ర చెరిగిపోయి ఉంటే పరిశీలకులు లోపలికి రానివ్వరు. హెల్మెట్టు మాత్రం కొత్తదే కొనండి. సూటు కింద నిప్పుకి ఆగే లోదుస్తులు ఉండాలి, నైలాన్ బనియన్ వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది.